ఒక హోటలు, అరడజను పేర్లు

మిష్రిఫ్ ఎగ్జిబిషన్ హాళ్లు కువైట్‌లోని మన కుటుంబాలకు కొత్త కాదు. పిల్లలను పుస్తక ప్రదర్శనకు తీసుకెళ్లిన ఆ ప్రాంగణంలోనే 2020 డిసెంబరులో కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. గోడలు అవే, బోర్డు మారింది. ఇలా బోర్డులు మార్చుకుంటూ బతికిన హోటలు ఒకటి అమెరికాలో ఉంది. జూదం నిషేధమైన దేశంలో కూర్చుని కాసినో కథ ఎందుకు అంటారా? సెలవుల్లో అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే మనవాళ్లు చాలామంది లాస్ వేగస్ కూడా చూసి వస్తారు కదా!

నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. పదేళ్లకు, అంటే 1941లో, కార్లలో వచ్చేవారి కోసం లాస్ వేగస్ శివారులో, లాస్ ఏంజిలిస్ రోడ్డు పక్కన ఎల్ రాంచో వేగస్ వెలిసింది. నేటి స్ట్రిప్ వీధికి అదే నాంది.

ఆ స్ట్రిప్‌కు దగ్గరలో, ట్రాపికానా అవెన్యూ మీద 1973లో హోవర్డ్ జాన్సన్ హోటలు తెరిచారు. నారింజ రంగు పైకప్పులతో, ఐస్‌క్రీముతో అమెరికా రహదారుల మీద పేరు తెచ్చుకున్న సంస్థ అది. ఆ తరువాత ఈ హోటలు పారడైజ్ అయింది, ట్రెజరీ అయింది, పాలినేషియన్ అయింది. 1989లో శాన్ రెమో, 2006లో హూటర్స్. 2011లో దివాలా పిటిషన్ కూడా వేసింది. చుట్టూ వేలాది గదుల మహాసౌధాలు లేస్తుంటే, సుమారు 650 గదుల ఈ హోటలు చవక ధరనే నమ్ముకుంది.

2019లో దాని మీదికి ఓయో బోర్డు ఎక్కింది. హైగేట్ అనే అమెరికన్ సంస్థతో కలిసి ఓయో సుమారు 13.5 కోట్ల డాలర్లకు దానిని కొన్నది. ఓయో స్థాపకుడు రితేష్ అగర్వాల్ పెరిగింది ఒడిశాలోని రాయగడలో. మన పార్వతీపురం దాటితే వచ్చే, తెలుగు వినిపించే ఊరు!

గర్వపడవలసిన విషయమే. కానీ గది అంత చవకగా ఎలా ఇస్తారు? కాసినో హోటలులో గది అద్దె ఒక్కటే రాబడి కాదు. కింద బల్లల దగ్గర కూడా డబ్బు రాలుతుంది. అమెరికన్ రూలెట్ చక్రంలో 38 గళ్లు ఉంటాయి. ఎరుపు 18, నలుపు 18, ఆకుపచ్చ 2. ఎరుపు మీద డాలరు కాస్తే, గెలిస్తే మరో డాలరు వస్తుంది. కాని గెలిపించే గళ్లు 18, ఓడించేవి 20. అంటే పందెం కాసిన ప్రతి 100 డాలర్లకు సగటున 5 డాలర్ల 26 సెంట్లు యజమానికి పోతాయి. వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ కాసి, మొత్తం పందెం 1000 డాలర్లకు చేరితే పోయేది సుమారు 53 డాలర్లు. గదిలో మిగిలిందనుకున్నది బల్ల దగ్గర తీరిపోయినట్లే! ఇందులో మోసం లేదు, అదృష్టమూ లేదు. ఉన్నది లెక్క మాత్రమే.

ఆ లెక్క లాస్ వేగస్‌లోనే ఆగలేదు. ఫోన్లో రమ్మీగా మన ఊళ్లకూ వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో భారత పార్లమెంటు చట్టం చేసింది. కడప నుంచో, గోదావరి జిల్లాల నుంచో వచ్చి, ఎండలో పనిచేసి ఇంటికి పంపే దీనార్లు ఆ ఆటలో కరిగితే ఏ చట్టం తిరిగి తెస్తుంది?

వేగస్ వెళ్లండి, దీపాలు చూడండి, చవక గదిలో హాయిగా పడుకోండి. పిల్లలకు మాత్రం ఆ 38 గళ్ల లెక్క చెప్పండి. అరడజను సార్లు పేరు మారినా, అక్కడ మారనిది అదొక్కటే.