నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా

మన కరీంనగరు పల్లెలలోఁ బెండ్లి యనఁగానే మొట్టమొదటఁ జెవినిఁ బడునది సన్నాయి. ఆదిలాబాదు సీమయందు గోండుల దండారి దినములలోఁ బెప్రె, కాళికోము మ్రోగును. వీనిని వినుట మన కలవాటే. ఊఁదువాని శ్రమ నెఱుఁగుట యరుదు. కావున నొక విద్వాంసుని చరిత్ర నిచట సంగ్రహముగా వ్రాయఁబూనితిమి.

షేక్ చినమౌలానాగారు 1924వ సంవత్సరమున ఒంగోలునకు సమీపమునఁ గల కరవది గ్రామమున జన్మించిరి. వారి వంశీయులు మహమ్మదీయులు. తరతరములుగా నాదస్వర విద్యయే వారి జీవనము. బాల్యమునఁ దండ్రియొద్దను, పిమ్మటఁ జిలకలూరిపేట ఆదం సాహేబుగారి యొద్దను వీరు విద్య నభ్యసించిరి.

ఈ విద్య యెట్టిదో చూడుఁడు. పాశ్చాత్యుల బాకాయందు ఊఁదువాని పెదవులే కంపించి నాదమును బుట్టించును. మూఁడు మీటలు గొట్టపు నిడివిని మార్చును. నాదస్వరమున నట్లు గాక, రెల్లుతోఁ జేసిన జంట నాలుక కంపించును. వ్రేళ్లతో మూయు రంధ్రములు ఏడు మాత్రమే, మీటలు లేవు. స్వరముల నడుమనుండు సూక్ష్మభేదములను, గమకములను ఊపిరి బిగువుచేతను, పెదవుల యొత్తిడిచేతను, వ్రేలిని రవంత జరుపుటచేతను సాధింపవలయును. ఊపిరి యించుక సడలెనా, స్వరము తప్పును. "సన్నాయి నొక్కులు" అను మాటను వెక్కిరింతకు వాడుదుము గాని, ఆ నొక్కులలోనే విద్య యంతయుఁ గలదు.

తెలుఁగునాఁటఁ బేరొందిన పిమ్మట చినమౌలానాగారు టి.ఎన్. రాజరత్నం పిళ్లెగారి రాగాలాపనను విని ముగ్ధులైరి. తమ విద్య చాలదని తలఁచి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులకు శిష్యులై తంజావూరు బాణీని నేర్చిరి. పేరు వచ్చిన పిదప నింకొకరి యెదుటఁ గూర్చుండి తప్పులు దిద్దించుకొనుట యెంత కష్టమో ఉపాధ్యాయులమైన మేము బాగుగ నెఱుఁగుదుము. మా తప్పును విద్యార్థి చూపినపుడు ఒప్పుకొనలేక, కసరి కూర్చుండఁబెట్టిన దినములు మాకును గలవు.

పిమ్మట వారు శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని సన్నిధిని నాదసేవ చేసిరి. 1977లోఁ బద్మశ్రీ బిరుదమును, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమును బొంది, 1999లోఁ గీర్తిశేషులైరి. వారి శిష్యులగు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లోఁ బద్మశ్రీ లభించినది. నేర్చుటకు సిగ్గుపడనివాఁడు నేర్పుటకు వెనుదీయఁడు గదా!

విద్యార్థులారా! ఈమాఱు పెండ్లిపందిటిలో సన్నాయి వినఁబడినపుడు మాటలు చాలించి, ఒక్క నిమిషము చెవి యొగ్గి వినుఁడు.