విద్యార్థినులు - విద్వత్సభలు



నిండుసభలో స్త్రీ ప్రశ్నించుట మన దేశమునకు క్రొత్త గాదు. జనకమహారాజు సభలో గార్గి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించి, ఒకమాఱు హెచ్చరింపబడి యూరకుండియు, మరల లేచి ప్రశ్నించెనని బృహదారణ్యకోపనిషత్తు తెలుపుచున్నది. ఆ కథను భక్తితో వినిన గృహములందే, కళాశాలలో చదువుచున్న కుమార్తె "పరదేశమున విద్యార్థుల సదస్సు జరుగుచున్నది, నా వ్యాసమును స్వీకరించినారు, పోయి వత్తునా?" యని యడిగినచో పెద్దలు మౌనము వహింతురు. మార్కులు రాని యీ ప్రయాణమువలన ప్రయోజనమేమి యని వారి సందేహము. ఆ సందేహమును గూర్చియే యీ నాలుగు మాటలు.

ఇట్టి సభలెట్లు జరుగునో ముందుగా తెలిసికొందము. ఐరోపాలో భాషాశాస్త్రము నభ్యసించు పరిశోధక విద్యార్థులకై 'కాన్సోల్' అను వార్షిక సదస్సు కలదు. అది 1992లో హాలెండు దేశపు ఉట్రెక్ట్ నగరమున మొదలైనది. ఒక్కొక్క యేట నొక్కొక్క విశ్వవిద్యాలయము దాని కాతిథ్యమిచ్చును. వేదిక యెక్కువారు విద్యార్థులే. ఇట్టి సదస్సులకు ముందుగా వ్యాససంగ్రహమును పంపవలయును. దానిని పరిశీలించు పండితులకు సాధారణముగా వ్రాసినవారి పేరు తెలియనీయరు. స్త్రీయో పురుషుడో, ఏ దేశమువారో, గురువెవ్వరో యెఱుగక వ్రాతను మాత్రమే చూచి నిర్ణయింతురు. ఎన్నికైనవారు నియమితకాలములో ప్రసంగించి, పిమ్మట సభ్యుల ప్రశ్నలకు సమాధానము చెప్పవలయును. పరీక్షలో ప్రశ్నవేసినవానికి సమాధానము ముందే తెలియును. ఇచట తెలియక యడుగుదురు. ఈ భేదమే యీ సభల ప్రయోజనము.

ఇక చర్చలందలి విషయము వ్యాకరణమొక్కటియే కాదు. ఐరోపా సమాఖ్యలో 27 రాజ్యములును, 24 అధికారభాషలును గలవు. చిన్న ద్వీపమైన మాల్టాయొక్క భాష అందొకటి. దానికంటె ననేకరెట్లు జనులు మాటలాడు కెటలాన్ భాష కా స్థానము లేదు. ఏలయన, మాల్టా యొక స్వతంత్ర రాజ్యము. కెటలాన్‌వారికి సమాఖ్యలో తమదగు రాజ్యము లేదు. భాషకు గౌరవము మాటలాడువారి సంఖ్యవలన వచ్చునా, రాజ్యాధికారమువలన వచ్చునా? ఇట్టి ప్రశ్నలే సమాజమును, ఐరోపా వ్యవహారములను చదువు విద్యార్థుల ముందున్నవి.

ఈ ప్రశ్నకు మన తెలుగు బాలిక వట్టిచేతులతో పోదు. 1953లో భాషనుబట్టి ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. 2014లో తెలంగాణము వేఱై, తెలుగు మాటలాడువారికి రెండు రాష్ట్రములైనవి. భాష జనులను కలుపుటకు చాలునా, మఱేమైన కావలయునా యను చర్చలో ఆమె చెప్పదగిన దెంతయో కలదు. శ్రీకాకుళమున పుట్టిన యత్తగారి పలుకుబడికిని, నెల్లూరినుండి వచ్చిన కోడలి పలుకుబడికిని గల భేదము మనకు నవ్వులాట. భాషాశాస్త్రమున నది పరిశోధనకు తగిన సామగ్రి.

విద్యార్థు లెల్లలు దాటి కలసికొనుటకు దారివేసినవారిలో నొక స్త్రీ ముఖ్యురాలు. 1934లో రోమునగరమున జన్మించిన సోఫియా కొర్రాది న్యాయశాస్త్రము చదువుచు, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయి పట్టము పొందెను. 1958లో తిరిగివచ్చి ఆ చదువును గుర్తింపుడని కోరగా, రోము విశ్వవిద్యాలయమువారు నిరాకరించిరి. ఆమె యింటికిపోయి దుఃఖించుచు కూర్చుండక, పరదేశమున చదివిన చదువు స్వదేశమున చెల్లవలయునని సంవత్సరముల తరబడి యధికారులకు విన్నవించెను. 1987లో ఎరాస్మస్ పథకము వెలసినది. మొదటి యేట 11 దేశములనుండి 3,244 మంది విద్యార్థులు దానివలన లాభము పొందిరి. నేడు దానివలన లాభము పొందినవారి మొత్తము సంఖ్య కోటిని మించినది. ఆమె 2025లో దివంగతురాలయ్యెను.

అయినను, సభయని పేరుగల ప్రతిదానికిని ధనము పంపరాదు. వ్యాసమును చదువకయే స్వీకరించి, వెంటనే రుసుము కోరు మోసగాండ్రును గలరు. సభను నడపు విశ్వవిద్యాలయ మేది, పరిశీలకులెవ్వరు, వెనుకటి సంవత్సరముల ప్రసంగములు ప్రకటింపబడినవా, విద్యార్థులకు రుసుము తగ్గింపు గాని ప్రయాణవేతనము గాని కలదా యని ముందు విచారింపవలయును. అమ్మాయి గురువుల నడిగిన నివి తెలియును.

ఖర్చు భరింపరానిదైనచో తన కళాశాలలోనో, సమీప నగరములోనో జరుగు సదస్సుతో మొదలిడుట మేలు. అన్నిటికంటె ముందు ఇంటిలో నొక సభ జరుగవలయును. రాత్రి భోజనములైన పిమ్మట అమ్మాయిని తన వ్యాసమును తెలుగున చెప్పుమనుడు. అర్థముకాని చోట "ఇదేమి?" యని యడుగుడు. తల్లికి బోధపడునట్లు చెప్పగలిగిన పిల్ల పండితసభలో తడబడదు. తల్లి ప్రశ్నకు జంకక బదులు చెప్ప నేర్చినపిల్ల, రేపు తానును సభలో లేచి ప్రశ్నింపగలదు.