గూఢచార శాఖలకు గీటురాయి ఏది?

చెఱువు కట్ట గట్టిదో కాదో వరదనాడు తేలును; విత్తనము మేలైనదో కాదో కోతనాడు తెలియును. కాని ప్రభుత్వముల గూఢచార శాఖలు తమ పనిని చక్కగా నిర్వహించుచున్నవో లేదో పౌరులు తెలిసికొనుట ఎట్లు? వానికై వ్యయమగునది ప్రజాధనము. అవి పొరబడినచో పోవునవి ప్రజల ప్రాణములు. కనుక ఈ ప్రశ్న మనకందఱకును సంబంధించినదే.

ఇందు మొదటి చిక్కు, అపజయము బహిరంగమగుట, విజయము రహస్యముగా నుండుట. 1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు పెర్ల్ హార్బరుపై దాడి చేసిన నాడే అమెరికా ఏమరుపాటు లోకవిదితమైనది. అదే యుద్ధమున బ్రిటిషువారు, పోలెండు గణితజ్ఞుల తొలి కృషిని ఆధారము చేసికొని, జర్మనుల ఎనిగ్మా యంత్రపు సంకేతములను ఛేదించిరి. బ్లెచ్‌లీ పార్కులో జరిగిన ఈ మహాకార్యము 1974లో గ్రంథరూపమున వెలువడునంతవఱకు బ్రిటిషు ప్రజలకు తెలియదు. కావున బయటపడిన వానిని మాత్రమే లెక్కించినచో మన తీర్పు ఒక ప్రక్కకే మొగ్గును.

రెండవ చిక్కు మఱింత సూక్ష్మమైనది. శత్రువు దండెత్తనున్నాడని చారులు హెచ్చరింతురు. ప్రభుత్వము సేనలను సరిహద్దునకు పంపును. అది చూచి శత్రువు వెనుదీయును. అప్పుడు నిజమైన హెచ్చరికయే వట్టి మాటవలె కనబడును. అట్లే దోషయుక్తమైన ఆలోచనయు ఒక్కొక్కప్పుడు నిజమైనట్లు తోచును.

దీనికి ఇజ్రాయెల్ అనుభవమే నిదర్శనము. దూరప్రాంతములపై దాడి చేయగల విమానములు చేకూరనిదే ఈజిప్టు యుద్ధమునకు దిగదనియు, ఈజిప్టు తోడు లేనిదే సిరియా కదలదనియు ఆ దేశపు సైనిక గూఢచార శాఖ దృఢముగా నమ్మెను. 1973 వసంతకాలమున యుద్ధభయము కలిగినపుడు, అది జరుగునది కాదని ఆ శాఖ చెప్పెను. యుద్ధము రాలేదు, శాఖ ప్రతిష్ఠ పెరిగెను. అక్టోబరులో ఈజిప్టు సేనలు కాలువ యొడ్డున గుమిగూడగా, అవి విన్యాసములే యని ఆ శాఖ తలచెను. 6వ తేదీన ఈజిప్టు, సిరియాలు ఒక్కమాఱుగా విరుచుకొనిపడెను. ఆ యుద్ధమున ఇజ్రాయెల్ 2,500 మందికి పైగా సైనికులను కోల్పోయెను. విచారణ జరిపిన అగ్రనాట్ సంఘము 1974లో ఆ శాఖాధిపతిని తొలగింపవలెనని సిఫారసు చేసెను.

ఫలితమునే చూచినచో వసంతమున మెచ్చుకోలు, అక్టోబరున శిక్ష. కాని రెండు సమయములందును ఆలోచన ఒక్కటే. లోపము మొదటినుండియు కలదు. అదృష్టము దానిని కొంతకాలము కప్పియుంచెను.

కాబట్టి మూడు ప్రశ్నలు అడుగవలెనని మేము తలచుచున్నాము. సమాచారమును సేకరించిరా? తమ నమ్మకమునకు ఎదురు నిలిచిన సాక్ష్యమును సైతము తూచిరా? పాలకులు ఆలకించిరా? ఒకరినొకరు ఎఱుగని మువ్వురు చారుల మాట కలిసిననే విశ్వసింపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించినది ఈ రెండవ ప్రశ్నకై. ఇక మూడవదానికి ఉదాహరణము: 1941లో జర్మనీ దండయాత్రను గూర్చి టోక్యోనుండి రిఖార్డ్ జోర్గె పంపిన హెచ్చరికలను స్టాలిన్ నమ్మలేదు. ఆ దోషము చారునిది కాదు.

మన దేశమున కార్గిల్ యుద్ధానంతరము 1999లో కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘము సమాచార సేకరణలోను, శాఖల సమన్వయములోను గల లోపములను ఎత్తిచూపెను. రహస్యములైన భాగములను మినహాయించి, ఆ నివేదికను 2000లో పార్లమెంటు ముందుంచిరి. రహస్యమును కాపాడుచునే జవాబుదారీతనమును కోరవచ్చునని దీనివలన తెలియుచున్నది. అయితే ఇట్టి పరీక్ష విపత్తు సంభవించిన పిదప మాత్రమే జరిగిన చాలదు. అంతయు సవ్యముగా సాగినట్లు తోచిన సంవత్సరములందును, ఫలించిన అంచనాలు ఏ కారణమున ఫలించినవో విచారింపవలెను.