పద్దు ఎవరిది?

భౌతికశాస్త్రంలో మనం నిత్యం వాడే ధన, రుణ పదాలకు సంపద, అప్పు అని అర్థం. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో సంఖ్యల కూడిక, తీసివేత నియమాలను ఈ పేర్లతోనే చెప్పాడు. ఇచ్చినవాని పద్దులో ఖర్చైనది పుచ్చుకొన్నవాని పద్దులో జమ అవుతుంది. సొమ్ము ఒక్కటే, పద్దు ఎవరిదన్నదే ప్రశ్న. ఉష్ణానికీ, ఘర్షణకూ సంజ్ఞలు వేసేటప్పుడు విద్యార్థులు తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఉష్ణగతిశాస్త్రంలో ఆ పద్దు యజమానికి ‘వ్యవస్థ’ అని పేరు. తక్కినదంతా పరిసరాలు. వ్యవస్థలోకి వచ్చిన ఉష్ణం ధనం, వెలుపలికి పోయినది రుణం. కాగిన పాలగిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో ఉంచితే పాలకు రుణమైనదే నీళ్ళకు ధనం. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతా పని దగ్గర వస్తుంది. భౌతికశాస్త్ర పాఠం వ్యవస్థ చేసిన పనిని ధనమంటుంది; రసాయనశాస్త్ర పాఠం వ్యవస్థపై జరిగిన పనిని ధనమంటుంది. కనుక అంతర్గత శక్తిలోని మార్పును మొదటి పాఠంలో ఉష్ణం నుండి పనిని తీసివేసి, రెండవ పాఠంలో ఆ రెండింటినీ కలిపి కనుగొంటారు. 100 జౌల్‌ల ఉష్ణాన్ని గ్రహించి, వ్యాకోచిస్తూ 40 జౌల్‌ల పని చేసిన వాయువుకు ఏ విధంగా లెక్కించినా మిగిలేది 60 జౌల్‌లే. ఆవిరి యంత్రాల చర్చలలో పెరిగిన శాస్త్రానికి యంత్రం నుండి రాబట్టిన పనే లాభంగా తోచింది. రసాయనశాస్త్రజ్ఞుడు పదార్థానికి ఏమి చేరిందని చూస్తాడు. రెండూ ఒప్పే. ఒకే లెక్కలో రెండింటినీ కలిపివేయడం మాత్రం ‘నేను’తో ఆరంభించిన వాక్యాన్ని ‘వచ్చాడు’తో ముగించడం వంటిది.

ఘర్షణ చేసే పని ఎల్లప్పుడూ రుణమే అనుకోవడం మరొక పొరపాటు. ఘర్షణ వ్యతిరేకించేది చలనాన్ని కాదు. తాకియున్న రెండు తలాల సాపేక్ష చలనాన్ని. నేలపై 3 మీటర్లు జారిన పెట్టెపై 10 న్యూటన్‌ల ఘర్షణ బలం చేసిన పని −30 జౌల్‌లు. కాని బయలుదేరుతున్న లారీలోని వడ్లబస్తాను వెనుకకు జారనీయక ముందుకు తీసుకొనిపోయేది కూడా ఘర్షణే. నేలపై నిలిచి చూచేవాని లెక్కలో అది చేసిన పని ధనం.

ఉష్ణం, ఘర్షణ ఒకేచోట కలిసిన సందర్భం ఒకటి ఉంది. మ్యూనిక్ ఆయుధశాలలో తాను చేసిన ప్రయోగాలను రంఫర్డ్ ప్రభువు 1798లో వెల్లడించాడు. గుర్రాల బలంతో తిరిగే యంత్రంలో, నీళ్ళలో మునిగి ఉన్న ఫిరంగి లోహాన్ని మొద్దుబారిన బరమా రాపాడగా రాపాడగా రెండున్నర గంటలకు ఆ నీళ్ళు మరిగాయి. నిప్పన్నది లేదు. ఇక్కడ ఉష్ణానికి ఏ సంజ్ఞ వేయాలి? నీళ్ళు మాత్రమే వ్యవస్థ అయితే, వేడెక్కిన లోహం నుండి వాటికి ఉష్ణం చేరింది, అది ధనం. నీళ్ళు, లోహం, బరమా కలిసి ఒకే వ్యవస్థ అయితే వెలుపలి నుండి ఉష్ణమేదీ రాలేదు. వచ్చినది గుర్రాలు చేసిన పని. పైగా కొంత ఉష్ణం చుట్టూ ఉన్న గాలిలోకి పోయింది. నీళ్ళు మరుగుతున్నా ఈ పద్దులో ఉష్ణానికి వేయవలసినది రుణ సంజ్ఞే.