రెట్ట కోసం కూడా జెండా పాతారు

కరీబియన్ సముద్రంలో, హైతీకి పడమటి దిక్కున నవాస్సా అనే చిన్న దీవి ఉంది. తాగడానికి మంచినీళ్లు దొరకవు. ఊరూ లేదు, రేవూ లేదు. ఒకప్పుడు అక్కడ ఉన్నదల్లా సున్నపురాళ్ల సందుల్లో పేరుకుపోయిన ఎరువు నిల్వ. పక్షి రెట్టే అనుకుని 1857లో ఓ అమెరికన్ ఓడ కెప్టెన్ ఆ దీవి తమదన్నాడు. మరుసటి ఏడాది హైతీ మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు.

నవ్వొచ్చినా, దీని వెనక చట్టముంది. తరతరాల పొగాకు సాగుతో వర్జీనియా, మేరీలాండ్ నేలలు చచ్చుబడ్డాయి. వాటికి బలమిచ్చే గువానో, అంటే పక్షి రెట్ట ఎరువు, పెరూ గుప్పిట్లో ఉంది, ధర మండిపోతోంది. 1850లో అధ్యక్షుడు ఫిల్‌మోర్ తన వార్షిక సందేశంలోనే రెట్ట ధర ప్రస్తావించాడు. 1856లో గువానో దీవుల చట్టం వచ్చింది. ఏ దేశం ఏలుబడిలోనూ లేని దీవిలో అమెరికా పౌరుడికి రెట్ట కనిపిస్తే, దాన్ని అమెరికాకు చెందినదిగా అధ్యక్షుడు గుర్తించవచ్చు. సరుకు అయిపోయాక దీవిని అట్టిపెట్టుకోవాల్సిన పని లేదని కూడా అందులోనే రాసుకున్నారు. స్వాతంత్ర్యం, నాగరికత, దైవసంకల్పం అంటూ ముసుగులు లేవు. విస్తరణ చరిత్రలో ఇంత నిజాయితీగల కాగితం అరుదు.

తవ్వింది మాత్రం ఓ కంపెనీ బాల్టిమోర్ నుంచి తెచ్చిన నల్లజాతి కూలీలు. ఎండలో రాయి పగలగొట్టాలి, పట్టాల మీద బళ్లు తోయాలి, కంపెనీ కొట్లో ఖాతా పెరుగుతూ ఉంటే జీతం అందులోకే పోవాలి. 1889లో తిరగబడ్డారు. ఐదుగురు అధికారులు చనిపోయారు. నవాస్సా అమెరికాదే కాబట్టి కూలీల మీద అమెరికాలో జరిగిన విచారణ చెల్లుతుందని 1890లో సుప్రీంకోర్టు తేల్చింది. ముగ్గురికి పడిన ఉరిశిక్షను అధ్యక్షుడు హారిసన్ తగ్గించాడు.

కంపెనీ వెళ్లిపోయింది, దీవి మాత్రం చేతిలోనే ఉండిపోయింది. 1914లో పనామా కాలువ తెరుచుకుని ఆ దారిన ఓడలు పెరిగాయి. 1917లో అక్కడ లైట్‌హౌస్ లేచింది. హైతీ ఇప్పటికీ నాదే అంటోంది.

పెద్ద భూములదీ ఇదే వరస. అవసరం మారుతుంది, పట్టు సడలదు. 1803లో అధ్యక్షుడు జెఫర్సన్ మనుషులు బేరానికి వెళ్లింది న్యూ ఆర్లీన్స్ రేవు కోసం. మిసిసిపీ మీదుగా వచ్చే రైతుల పంటకు అదే గుమ్మం. హైతీలో సైన్యం తుడిచిపెట్టుకుపోయి విసిగిన నెపోలియన్ లూసియానా మొత్తాన్నీ 1.5 కోట్ల డాలర్లకు ఇచ్చేశాడు. అక్కడ బతుకుతున్న తెగలను ఎవరూ అడగలేదు. తర్వాత పత్తి కోసం చెరోకీ తెగవారిని తరిమారు. మెక్సికో నుంచి కాలిఫోర్నియా, పసిఫిక్ రేవులు గుంజుకున్నారు. 1853లో దక్షిణపు రైలు మార్గానికని ఇంకో ముక్క కొన్నారు. 1898లో హవాయి కలిసిందంటే చక్కెర తోటల ఆసాములు, నౌకాదళం ఒక్క మాట మీదున్నారు కాబట్టే.

ఇప్పుడు గ్రీన్‌లాండ్. 1946లో ట్రూమన్ ప్రభుత్వం దానికి 10 కోట్ల డాలర్ల విలువైన బంగారం ఇస్తామంది. 2019లోనూ, 2025లోనూ ట్రంప్ మళ్లీ అడిగాడు. ముందుకు తెచ్చిన కారణం దేశ రక్షణ. కానీ 1951 ఒప్పందంతో అక్కడ అమెరికా స్థావరం ఎప్పటినుంచో నడుస్తోంది. రక్షణ ఒక్కటే కావాలంటే కొత్తగా కొనాల్సిందేమీ లేదు. మరి మంచు కింది ఖనిజాల మాట ఎందుకొస్తోంది?