లారీ మార్చే వేళ ఏది?

బెంగళూరు తెలుగువారనగానే కంప్యూటర్ ఉద్యోగాలే గుర్తుకొస్తాయి. కానీ ఒక్క లారీని నమ్ముకుని బతుకుతున్న కుటుంబాలు కూడా మనలో ఉన్నాయి. కర్నూలు ఉల్లి, మదనపల్లె టమోటా, తాడిపత్రి బండలు ఈ నగరానికి చేరేది అటువంటివారి చక్రాల మీదనే. యజమానీ తానే, డ్రైవరూ తానే. ఆ ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రశ్న తలెత్తక మానదు: "ఈ బండిని ఇంకా నడుపుదామా, మార్చేద్దామా?" పిల్లల చదువు, ఇంటి పత్రాల తాకట్టు, రేపటి బాడుగ అన్నీ ఆ జవాబు మీదనే ఆధారపడి ఉంటాయి.

వెనకటి రోజుల్లో మన పెద్దలు సంతలో ఎద్దును కొనేముందు దాని పళ్లు చూసేవారు. లారీ వయసును పట్టిచ్చేవి పళ్లు కావు, లెక్కల పుస్తకం. ఆ పుస్తకం లేనివారు సాధారణంగా రెండు సందర్భాలలో తొందరపడుతుంటారు. చివరి కంతు కట్టేసిన ఉత్సాహంలో కొత్త అప్పుకు సంతకం చేయడం ఒకటి. బండి నడిరోడ్డు మీద ఆగిపోయిన రోజున విసుగుతో బేరం పెట్టడం రెండోది. నిజానికి కంతులు తీరిన లారీయే యజమానికి నాలుగు డబ్బులు మిగిల్చేది. ఒక్క రిపేరును బట్టి దాన్ని వదులుకోకూడదు.

మరి ఏం చూడాలి? గత పన్నెండు నెలలకు మూడు లెక్కలు రాసుకోండి. రిపేర్లకు ఎంతయింది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తోంది, బండి షెడ్డులో పడి ఉన్న రోజులెన్ని. ఈ మూడోదాన్ని చాలామంది రాయరు. మెకానిక్కుకు ఇచ్చిన డబ్బు కళ్లకు కనిపిస్తుంది కానీ, చేజారిన బాడుగ కనిపించదు కదా!

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. నెలకు 6,000 కిలోమీటర్లు తిరిగే పాత బండి లీటరుకు 3.5 కిలోమీటర్లు, కొత్తది 4 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. లీటరు డీజిల్ 90 రూపాయల చొప్పున తేడా సుమారు 19,000. రిపేర్లలో తేడా 18,000. నాలుగు రోజులు ఆగినందుకు, రోజుకు 5,000 మిగులు చొప్పున 20,000. మొత్తం 57,000. కొత్త లారీకి కంతు 75,000, ఇన్సూరెన్సులో తేడా 5,000 అనుకుంటే, నెలకు 80,000 కావాలి. అంటే ఈ బండిని ఇంకొంతకాలం నడుపుకోవచ్చు. కంతులో కొంత భాగం ఆస్తిగా మిగిలే మాట నిజమే. అయితే నెల తిరిగేసరికి చేతిలో ఉండవలసింది రొక్కం. ఆ 57,000 ఏటేటా పెరుగుతూ 80,000 దగ్గరకు వస్తున్నప్పుడు మాత్రం ఇక ఆలస్యం చేయకూడదు.

చట్టం పెట్టిన గడువులు కూడా గుర్తుంచుకోవాలి. నేషనల్ పర్మిట్ మామూలు రెండు ఇరుసుల లారీకి 12 ఏళ్లు, మల్టీ యాక్సిల్ బండికి 15 ఏళ్లు దాటితే ఇవ్వరు. బెంగళూరు నుంచి మన రాష్ట్రాలకు తిరిగేవారికి ఇది ప్రాణం వంటిది. ఎఫ్.సి. కూడా ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. 15 ఏళ్లు దాటిన బండ్లకు ఆ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెంచారు. కనుక పర్మిట్ గడువుకు కనీసం ఏడాది ముందే ఆలోచన మొదలుపెట్టాలి. గడువు ముగిశాక అమ్మబోతే, కొనేవాడు చెప్పిందే ధర అవుతుంది.

కొత్త బండికీ తన ఖర్చులు తనకున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 లారీలలో చాలావాటికి డీజిల్‌తో పాటు యూరియా ద్రావణం కూడా పోయాలి. వాటి సెన్సార్లు చెడితే వీధి చివర మెకానిక్కు చేయగలిగింది తక్కువ. మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు లారీల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ ఏడాదే కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. రాత్రింబవళ్లు తానే నడిపే మనిషికి అది విలాసం కాదు, ఆరోగ్యం.

కొత్తదానికి శక్తి చాలకపోతే నాలుగైదేళ్ల వయసున్న బండిని చూడవచ్చు. అయితే ఇంజను ఆయిలు తాగుతోందా, ఛాసిస్‌కు వెల్డింగు పడిందా అన్నది నమ్మకమైన మెకానిక్కు చేత చూపించుకోవాలి. ఫైనాన్సు బాకీ తీరినట్టు కాగితం చేతికి రానిదే డబ్బు ఇవ్వరాదు.

అన్నిటికంటే ముందు అడగవలసిన మాట ఒకటుంది. కొత్త లారీ వస్తే దానికి ఏడాది పొడవునా లోడు దొరుకుతుందా? వానాకాలంలో సరుకు తగ్గినా కంతు తగ్గదు. రెండు మూడు నెలల కంతులకు సరిపడా సొమ్ము పక్కన పెట్టుకోగలిగినప్పుడే ముందడుగు వేయండి. ఈ లెక్క ఒక్కరే కాక ఇంట్లో ఆలుమగలు ఇద్దరూ కూర్చుని వేసుకోవడం మంచిది. స్టీరింగు ఒకరి చేతిలో ఉన్నా, అప్పు ఇద్దరిదీ కదా!