అమ్మే మూట, ఇచ్చే మూట

బీరువా తలుపు తీస్తే బట్టలు మీద పడతాయి. అయినా పండుగ దగ్గర పడేసరికి కట్టుకోవడానికి మంచి బట్ట లేదంటాం. వేములలోనైనా, పులివెందులలోనైనా, ప్రొద్దుటూరులోనైనా నేడు ఇంటింటి మాట ఇదే. జేజి కాలంలో ఇంటిల్లిపాది బట్టలూ ఒక్క ట్రంకు పెట్టెలో పట్టేవి. ఇప్పుడు ఒక్క ఆడపిల్ల నిఖా జరిగితే చాలు, నిఖా నాటి షరారా, వలీమా నాటి పట్టుచీర, మెహందీ నాటి పసుపు జత, పెళ్లికొడుకు షేర్వాణీ అంటూ రెండు సూట్‌కేసులు నిండుతాయి. వాటిలో చాలామటుకు ఆ ఒక్క రోజుతో సరి. ఆ తర్వాత ఏడాదికోసారి ఎండకు వేసి, మడత మార్చి, కలరా ఉండలు వేసి మళ్లీ లోపల పెట్టడమే పని.

ఈ బట్టలను ఏం చేయాలి? అమ్మవచ్చునా? అమ్మితే నలుగురూ ఏమనుకుంటారు? గతిలేక కట్టుబట్టలు అమ్ముకుంటున్నారని ఎక్కడ అంటారోనన్న జంకు మన ఆడవాళ్లను వెనక్కి లాగుతోంది. ఆ జంకుకు ఆధారం ఉందో లేదో ముందు చూద్దాం.

రెండు దిర్హముల సామాను

సునన్ అబూ దావూద్‌లో ఒక ఉదంతం ఉంది. అన్సారులలో ఒక పేదవాడు దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి వచ్చి సాయం అడిగాడు. ఇంట్లో ఏమైనా ఉందా అని ఆయన ప్రశ్నించారు. ఒక ముతక గుడ్డ ఉందని, దానిలో కొంత కప్పుకుని కొంత పరుచుకుంటామని, నీళ్లు తాగే గిన్నె ఒకటి ఉందని అతడు చెప్పాడు. ప్రవక్త (స) ఆ రెండింటినీ తెప్పించి, స్వయంగా చేతిలోకి తీసుకుని, వీటిని ఎవరు కొంటారని అక్కడున్నవారిని అడిగారు. ఒకరు ఒక దిర్హం ఇస్తామన్నారు. అంతకంటే ఎక్కువ ఎవరిస్తారని ఆయన మళ్లీ అడగ్గా, మరొకరు రెండు దిర్హములిచ్చి తీసుకున్నారు. ఒక దిర్హంతో ఇంటివారికి తిండి, మరో దిర్హంతో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి పిడి ఆయనే తన చేతులతో బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. పదిహేను రోజుల తర్వాత అతడు పది దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చాడు.

ఇందులో మనం గమనించవలసినవి రెండు. వాడిన గుడ్డను అమ్మడం నామర్దా కాదు. అమ్మగా వచ్చిన పైకం ఒక పూట తిండితోనే అయిపోకుండా ఒక పనిముట్టుగా మారింది. ఇంట్లో వృథాగా పడి ఉన్న షరారా ఒక కుట్టుమిషనుకు బయానా కాగలిగితే, ఆడపిల్ల కాలేజీ ఫీజులో కొంత భాగం కాగలిగితే, అది కూడా గొడ్డలి కొన్నట్టే.

మనకు కొత్తేమీ కాదు

పాత బట్టల బేరం మన ఊళ్లకు తెలియనిది కాదు. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇస్తామని కేక వేస్తూ గంపలతో వచ్చే ఆడవాళ్లు మన వీధులకు కొత్తవాళ్లు కారు. నాలుగు చీరలు, రెండు ప్యాంట్లు ఇస్తే ఒక గిన్నె చేతికొస్తుంది. ఆ బట్టలు ఎక్కడికి పోతాయో మనం ఆలోచించం. బాగున్నవాటిని ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి సంతల్లో అమ్ముతారు. హైదరాబాదులో పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత ఇటువంటి పాత సామాన్ల అమ్మకానికి పేరుపడ్డవే. చిరిగిన నూలు గుడ్డలు మెకానిక్ షెడ్లలో తుడుపు గుడ్డలవుతాయి. ఉన్ని బట్టలు హర్యానాలోని పానిపట్‌కు చేరి, అక్కడ చీల్చి మళ్లీ నూలుగా వడికి కంబళ్లుగా మారతాయి.

మన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలకు ఈ విద్య తరతరాలది. దూది ఏకడం, పరుపులు కుట్టడం వారి కులవృత్తి. పాత చీర బొంతలోకి, అరిగిన పంచె దిండు గలీబులోకి పోయేది. బట్ట పోగు పోగుగా తీరిపోయేదాకా ఇల్లు దాటేది కాదు. ఇప్పుడు ఫోము పరుపులు, మిల్లు దుప్పట్లు వచ్చాక ఆ చేతులకు పని తగ్గింది. పాత బట్టకు ఇంట్లో చోటు పోవడానికి ఇదీ ఒక కారణం.

కొనేవారు లేరనుకోవద్దు. పులివెందుల ప్రాంతపు అరటి తోటల్లో పనిచేసేవారిని అడిగి చూడండి. అరటి కర అంటిన చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా తెల్లబడదు. అందుకే తోట పనికి గట్టి పాత చొక్కానే కావాలి. వేముల చుట్టుపక్కల ముగ్గురాయి గనుల్లో దిగేవారి అవసరమూ అదే. మనకు రంగు వెలిసిందనిపించే ప్యాంటు వారికి రెండేళ్లు వస్తుంది.

జరీ ఉంటే తొందర వద్దు

ప్రొద్దుటూరు బట్టలకూ బంగారానికీ పేరుపడ్డ ఊరు. పాత పట్టుచీర ధర ఈ రెండింటితోనూ ముడిపడి ఉంది. అసలైన జరీ అంటే పట్టుదారం మీద సన్నని వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూసినది. అందుకే ఎప్పటివో పట్టుచీరలను జరీ కోసం తూకం లెక్కన కొని, కాల్చి వెండి తీసుకునే వ్యాపారులు ఉన్నారు. నేటి చీరల్లో చాలావాటికి ఉన్నది రాగి తీగ జరీ, లేదా ప్లాస్టిక్ జరీ. అంచు చివర ఒక పోగు లాగి గోటితో గీకి చూడండి. లోపల ఎర్రటి పట్టుదారం కనబడితే అసలు జరీ అయ్యే అవకాశం ఎక్కువ. జేజి చీరను గుమ్మం ముందుకు వచ్చినవారికి మొదటి మాటకే ఇచ్చేయకండి. నమ్మకమైన కంసాలికో, పట్టు తెలిసిన నేతగానికో చూపించండి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పరిసరాల్లో మగ్గం పని తెలిసినవారికి కొదవ లేదు. చీర బాగా ఉంటే కాల్పించడం కంటే చీరగా అమ్మడమే మేలు. నేసిన చేతుల కష్టమూ నిలుస్తుంది, ధరా ఎక్కువ పలుకుతుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. కోడలి బట్టలు కోడలివే. పుట్టింటివారు పెట్టినవైనా, అత్తింటివారు పెట్టినవైనా ఆమెకిచ్చాక అవి ఆమె సొత్తు. ఆమెను అడగకుండా అమ్మే హక్కు, ఆడబిడ్డకు ఇచ్చే హక్కు అత్తకు గానీ భర్తకు గానీ లేవు. విడాకులు పొందిన ముస్లిం మహిళల రక్షణకు 1986లో వచ్చిన చట్టం కూడా పెళ్లికి ముందు, పెళ్లి సమయంలో, ఆ తర్వాత బంధువులూ భర్తా ఆమెకిచ్చిన ఆస్తి అంతా ఆమెకే చెందుతుందని చెబుతోంది. అమ్మిన పైకం ఏం చేయాలో నిర్ణయించవలసిందీ ఆమే.

ఫోనులో అంగడి

నేడు అంగడి అరచేతిలోకి వచ్చింది. ఓఎల్ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో బట్టలు అమ్మేవారు పెరుగుతున్నారు. అమెరికాలో పాత బట్టలకు పేరుపొందిన పాష్‌మార్క్ 2021లో మన దేశానికి వచ్చి, 2023లో దుకాణం కట్టేసింది. కాబట్టి ఫోనులోని అంగడి రేపూ ఉంటుందన్న భరోసా లేదు. మన మాట మీద కొనేవారిని సంపాదించుకోవడమే అసలు పెట్టుబడి.

ఫోనులో అమ్మేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. బట్టను తాడుకు వేలాడదీసి ఫోటో తీయండి. ఆడపిల్లలు తొడుక్కున్న ఫోటోలు పెట్టకండి, అవి ఎవరెవరి చేతుల్లోకి పోతాయో తెలియదు. ఛాతీ, నడుము, పొడవు కొలతలు టేపుతో కొలిచి రాయండి. ఇంటి చిరునామా ముందే ఇవ్వకండి. డబ్బు పంపుతామని చెప్పి క్యూఆర్ కోడ్ పంపించి, స్కాన్ చేసి పిన్ నొక్కమనేవారు మోసగాళ్లు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు, పోవడానికే అవసరం. పొరపాటున సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త నిజాయితీ. బజారులో ధాన్యపు రాశిలోకి ప్రవక్త (స) చేయి పెట్టి చూడగా అడుగున తడి తగిలిన సంగతి మనకు తెలుసు. తడిసిన ధాన్యాన్ని అందరికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ఆ వ్యాపారిని నిలదీశారు. చంకలో పిగిలిన కుట్టును, కొంగున ఉన్న పసుపు మరకను మడతలో దాచడం ఆ తడి ధాన్యాన్ని అడుగున దాచడం లాంటిదే. మరకను కూడా ఫోటో తీసి చూపండి. ధర పది శాతం తగ్గవచ్చు, కొన్నవారు మాత్రం మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

ఇచ్చే మూట కట్టేముందు

అమ్మడానికి పనికిరానివన్నీ పేదలకు అనుకోవడం మనలో పాతుకుపోయిన దురలవాటు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 267వ ఆయతు దీని గురించే హెచ్చరిస్తోంది. మనకే ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోలేని నాసి వస్తువును దానానికి ఏరి పెట్టవద్దన్నది దాని భావం. ఇంతకంటే కచ్చితమైన కొలబద్ద ఏముంటుంది?

2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుంచి లారీల కొద్దీ పాత బట్టలు వెళ్లాయి. వాటిలో కట్టుకోవడానికి వీలుకానివి రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉన్నాయి. సర్వం పోగొట్టుకున్నవారు కూడా వాటిని ముట్టలేదు. 1999లో ఢిల్లీలో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ ఆ కుప్పలను సేకరించి, వేరుచేసి, పనికొచ్చేలా మార్చే బాధ్యత తీసుకుంది. ఆయనకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఇచ్చేవారి తృప్తి కంటే పుచ్చుకునేవారి మర్యాద ముఖ్యమన్నది ఆ సంస్థ చెప్పే మాట.

కనుక ఇచ్చే మూటలోకి పోయే ప్రతి బట్టా ఉతికి ఉండాలి, గుండీలు ఉండాలి, జిప్పు పనిచేయాలి. లోదుస్తులు అందులో ఉండకూడదు. పిల్లల బట్టలు వయసు రాసిన చీటీతో కట్ట కట్టండి. చిరిగినవి బొంతకో, తుడుపు గుడ్డకో పోనివ్వండి. దానం పేరుతో వాటిని ఎవరి గుమ్మంలోనూ పడేయకండి. ఇచ్చాక ఆ చొక్కా మాదేనంటూ పది మందిలో గుర్తు చేయడం దానాన్ని చెడగొట్టడమే.

మహల్లాలో ఒక గది

చివరగా ఒక సూచన. షాబాన్ నెలలో, రంజాన్‌కు ముందుగానే, మహల్లా ఆడవాళ్లు ఒకరింట్లో ఒక గది ఖాళీ చేసుకుని రెండు రోజులు బట్టలు పెట్టి చూడవచ్చు. ప్రతి జతకూ ధర చీటీ, దాని వెనుక యజమాని గుర్తు ఉండాలి. అమ్మినదానిలో రూపాయికి పది పైసలు గది ఖర్చుకు, సాయానికి తీసి మిగతాది యజమానికి ఇవ్వాలి. వేములలో అమ్ముడుపోని షరారా పులివెందులలో పోవచ్చు, అక్కడా పోకపోతే ప్రొద్దుటూరులో పోవచ్చు. పెళ్లి జతలను అమ్మడానికి మనసొప్పనివారు అద్దెకు ఇవ్వవచ్చు. నిఖా కోసం అప్పు చేసి కొత్త షరారా కొనబోయే తల్లికి ఆ గది ఎంత ఊరటనిస్తుందో ఊహించండి. అక్కడ ఎవరూ ఎవరికీ దానం చేయడం లేదు కాబట్టి తల దించుకోవలసిన వారెవరూ ఉండరు. కొనలేనివారి కోసం మరో మూట విడిగా, గుట్టుగా వారి ఇంటికే చేరుతుంది.

ఈ వారాంతంలో బీరువా తెరవండి. ఏడాదిగా ఒంటికి తగలని బట్టలను మంచం మీద పోసి, అమ్మేవి ఒక మూట, ఇచ్చేవి ఒక మూట కట్టండి. రెండు మూటలనూ ఒకే ప్రశ్నతో పరీక్షించండి: ఇదే బట్ట నా చేతికి వస్తే నేను సంతోషంగా తీసుకుంటానా? తీసుకుంటానని మనసు చెప్పిన బట్టనే ఇల్లు దాటనివ్వండి.